హార్డ్ డిస్క్‌కు పొరపాటున తాళం పడితే: తరచుగా అడిగే ప్రశ్నలు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంటే ఆటో డ్రైవర్ ఒక్క క్షణం ఆలోచిస్తాడు. సీటీసీ అంటే నేరుగా తెచ్చి దింపుతాడు. ఆ చుట్టుపక్కలే కంప్యూటర్లు బాగుచేసుకుంటూ బతుకుతున్నాను. తాళం పడిన, అంటే పాస్‌వర్డో కీయో లేనిదే తెరుచుకోని హార్డ్ డిస్క్‌ను నా బల్ల దగ్గరకు తెచ్చే తీరు అందరిదీ ఒకటే. చేతిరుమాలులో చుట్టి, రెండు చేతులతో పట్టుకుని, జ్వరం వచ్చిన పసిబిడ్డను ఆసుపత్రికి తెచ్చినట్టు తెస్తారు. వాళ్లు నన్ను అడిగిన ప్రశ్నలే ఇవి. నేను వాళ్లను ముందుగా అడిగేది మాత్రం ఒక్కటే: "మీకు డిస్కు కావాలా, అందులో ఉన్నది కావాలా?" ఈ రెండింటికీ దారులు వేరు. ఒక దారిలో నాలుగు అడుగులు వేశాక రెండో దారి మూసుకుపోతుంది.

తాళం పడిందని తెలిసిన వెంటనే ఏం చేయాలి?

చేతులు కట్టుకుని కూర్చోవాలి. హాస్యానికి అనడం లేదు. నా దగ్గరకు వచ్చిన డిస్కుల్లో తాళం వల్ల పోయిన డేటా కన్నా, తాళం చూసి కంగారుపడి చేసిన పనుల వల్ల పోయిందే ఎక్కువ. విండోస్ "ఈ డిస్క్‌ను ఫార్మాట్ చేయాలా?" అని అడగవచ్చు, లేదా "ఇనిషియలైజ్ చేయాలా?" అని అడగవచ్చు. రెండింటికీ క్యాన్సిల్ అనే చెప్పండి.

తర్వాత తెర మీద కనిపిస్తున్నదాన్ని ఫోనుతో ఫోటో తీసుకోండి. ఒక కాగితం తీసుకుని, నిన్నా మొన్నా ఆ కంప్యూటర్‌కు ఏం జరిగిందో రాయండి: బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా పనిచేసే ప్రోగ్రామ్) అప్‌డేట్ అయిందా, మదర్‌బోర్డు మార్చారా, పిల్లలు సెట్టింగులు తెరిచారా, కరెంటు పోయిందా. పది రోజులు గడిస్తే ఈ వివరాలు మరిచిపోతారు. చాలాసార్లు జవాబు ఆ కాగితం మీదే దొరుకుతుంది.

నా డిస్కుకు పడింది ఏ తాళమో ఎలా తెలుస్తుంది?

పాస్‌వర్డ్ ఎప్పుడు అడుగుతోందో చూడండి. కంప్యూటర్ ఆన్ చేయగానే, విండోస్ బొమ్మ కూడా రాకముందే, నల్లటి తెర మీద హార్డ్ డిస్క్ పాస్‌వర్డ్ అడిగితే అది డిస్కు తనకు తాను వేసుకున్న తాళం. కంప్యూటరూ డిస్కూ మాట్లాడుకునే ఏటీఏ ప్రమాణంలో 1990ల నుంచే ఉన్న సౌకర్యం ఇది. బయోస్ మెనూలో తెలిసీ తెలియక పాస్‌వర్డ్ పెడితే పడిపోతుంది.

నీలి తెర మీద 48 అంకెల రికవరీ కీ అడిగితే అది విండోస్‌తో వచ్చే తాళం, బిట్‌లాకర్. కంప్యూటర్ మామూలుగానే తెరుచుకుని, ఒక్క డ్రైవ్ గుర్తు మీద మాత్రం పసుపు రంగు తాళం బొమ్మ కనిపిస్తే అదీ బిట్‌లాకరే. యూఎస్‌బీ డ్రైవ్ పెట్టగానే అసలు డ్రైవ్‌కు బదులు సీడీలాంటి చిన్న డ్రైవ్ కనిపించి, అందులో కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉంటే, తాళం ఆ పెట్టెలోని బోర్డుది. ఇవేవీ కాకుండా డిస్కు ఖాళీగా, ఫార్మాట్ చేయనట్టు కనిపిస్తే రెండు అనుమానాలు: డిస్కు చెడిపోయి ఉండాలి, లేదా ఎవరో వెరాక్రిప్ట్ అనే తాళం వేసే సాఫ్ట్‌వేర్‌తో మూసి ఉండాలి. వెరాక్రిప్ట్ తన గుర్తు ఏదీ పైకి కనిపించనివ్వదు. చూసేవాళ్లకు చెత్త అంకెల కుప్పలా ఉంటుంది. బిట్‌లాకర్ అలా కాదు, మొదటి వరుసలోనే తన పేరు రాసుకుంటుంది. డిస్కులోని అంకెలను నేరుగా చూపించే హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే మొదటి పదహారు స్థానాల్లోనే "ఎఫ్‌వీఈ ఎఫ్‌ఎస్" అనే అక్షరాలు కనిపిస్తాయి. లినక్స్ వాళ్ల లక్స్ తాళం కూడా అంతే, మొదటి నాలుగు అక్షరాలూ దాని పేరే.

ఫోల్డర్ తెరిస్తే "యాక్సెస్ డినైడ్" అంటోంది. ఇదీ తాళమేనా?

కాదు. విండోస్ కొత్తగా వేసుకున్నాక పాత డిస్కులోని ఫోల్డర్లకు పాత యూజరే యజమానిగా మిగిలిపోతాడు. అడ్మినిస్ట్రేటర్‌గా ఆ ఫోల్డర్ యాజమాన్యం మార్చుకుంటే తెరుచుకుంటుంది. దీనికి ఎవరికీ డబ్బు ఇవ్వకండి. ఫైళ్ల పేర్లు ఆకుపచ్చ రంగులో ఉంటే మాత్రం సంగతి వేరు: అవి పాత విండోస్‌లోని సర్టిఫికెట్‌తో మూసిన ఫైళ్లు, ఆ సర్టిఫికెట్ బ్యాకప్ లేకపోతే రావు.

నేను ఏ పాస్‌వర్డూ పెట్టలేదు. అయినా 48 అంకెలు అడుగుతోంది. ఎందుకు?

ఈ ప్రశ్న అడిగేవాళ్ల గొంతులో కోపం ఉంటుంది, న్యాయమైన కోపమే. ఇప్పటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదటిసారి లాగిన్ కాగానే డిస్కు మొత్తం దానంతట అదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే కీ లేనిదే చదవలేని రాతగా మారుతుంది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి ఇది మరిన్ని కంప్యూటర్లకు పాకింది. తాళంచెవి మదర్‌బోర్డులోని టీపీఎం అనే చిప్‌లో ఉంటుంది కాబట్టి రోజూ మనకు తెలియకుండానే తలుపు తెరుచుకుంటుంది. బయోస్ అప్‌డేట్ చేసినా, అందులోని సెక్యూర్ బూట్ సెట్టింగు మార్చినా, మదర్‌బోర్డు మార్చినా, డిస్కు తీసి వేరే కంప్యూటర్‌లో పెట్టినా ఆ చిప్ "ఇది నాకు తెలిసిన ఇల్లు కాదు" అనుకుని చెవి ఇవ్వదు. అప్పుడు కంప్యూటర్ 48 అంకెలు అడుగుతుంది.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ అప్‌డేట్‌లోని తప్పు వల్ల ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి. ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. అసలు మరమ్మతు ఒక్క ఫైలు తొలగించడమే. కానీ బిట్‌లాకర్ ఉన్న కంప్యూటర్లలో ఆ ఫైలు దాకా వెళ్లాలంటే ముందు ఈ 48 అంకెలు కావాలి. తాళం తమ దగ్గర ఉందన్న సంగతి చాలామందికి ఆ రోజే తెలిసింది.

ఆ 48 అంకెలు ఎక్కడ దొరుకుతాయి?

నీలి తెర మీద కీ ఐడీ అని కొన్ని అక్షరాలు ఉంటాయి; మొదటి 8 అక్షరాలు రాసుకోండి. ఫోనులో బ్రౌజర్ తెరిచి "ఏకేఏ డాట్ ఎంఎస్ స్లాష్ మైరికవరీకీ" అనే చిరునామాకు వెళ్లి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అవ్వండి. అక్కడి జాబితాలో ఆ 8 అక్షరాలు ఉన్న వరుసలోని కీ మీది.

"నా ఖాతాలో లేదు సార్" అంటే నేను అడిగే రెండో ప్రశ్న: ల్యాప్‌టాప్ కొన్న రోజు సెటప్ ఎవరు చేశారు? చాలా ఇళ్లలో ఆ పని చేసేది అమెరికా నుంచి వచ్చిన మేనల్లుడో, దుకాణంలో పనిచేసే కుర్రాడో. వాడు తన ఈమెయిల్‌తో లాగిన్ అయి ఉంటే కీ వాడి ఖాతాలో ఉంటుంది. మల్కాజ్‌గిరి నుంచి వచ్చిన ఒక టీచరుగారి కీ ఆమె అల్లుడి ఖాతాలో దొరికింది. ఆయన ఆ ఖాతాతో లాగిన్ అయింది ఆ ఒక్క రోజే, అదీ మూడేళ్ల క్రితం.

ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే కీ కంపెనీ ఐటీ విభాగం దగ్గర ఉంటుంది. ఉద్యోగం మానేశాక వాళ్లను అడగడం ఇబ్బందే, అయినా అడగాలి. ఖాతాలో పెట్టుకోకుండా ఫైలుగా దాచుకుని ఉంటే దాని పేరు "బిట్‌లాకర్ రికవరీ కీ" అనే మాటలతో మొదలవుతుంది. పాత పెన్‌డ్రైవ్‌లు, ఈమెయిల్, ప్రింట్ తీసిన కాగితాలు వెతకండి. కీ ఎక్కడా లేకపోతే మైక్రోసాఫ్ట్ కూడా కొత్తది తయారుచేసి ఇవ్వలేదు.

కీ కాగితం మీద రాసుకున్నాను. చెమటకు ఒక అంకె చెరిగిపోయింది. ఇప్పుడెలా?

ఈ ప్రశ్నంటే నాకు ఇష్టం, ఎందుకంటే దీనికి పూర్తి జవాబు ఉంది. 48 అంకెలూ ఆరేసి చొప్పున 8 గుంపులుగా ఉంటాయి. ప్రతి గుంపూ 11తో నిశ్శేషంగా భాగించబడే సంఖ్య. టైపు చేసేటప్పుడు తప్పు పడితే పట్టుకోవడానికి అలా పెట్టారు. బడిలో నేర్చుకున్న 11 భాజనీయతా సూత్రం ఇక్కడ పనికొస్తుంది.

గుంపు 31?492 అని ఉందనుకుందాం, మూడో అంకె కనిపించడం లేదు. బేసి స్థానాల్లో 3, ?, 9 ఉన్నాయి. తెలిసినవి కలిపితే 12. సరి స్థానాల్లో 1, 4, 2, కలిపితే 7. తేడా 5. ఈ తేడాకు తెలియని అంకె కలిపితే 11 రావాలి. అంటే అది 6. గుంపు 316492. భాగించి చూడండి, 28772 వస్తుంది, శేషం లేదు. ఒక గుంపులో ఒక్క అంకె పోతే ఇలా ఒక్కటే జవాబు వస్తుంది. ఒకే గుంపులో రెండు అంకెలు పోయినా 100 అవకాశాలకు బదులు తొమ్మిదో పదో మిగులుతాయి. ఓపికగా ఒక్కొక్కటీ కొట్టి చూడవచ్చు.

పాస్‌వర్డ్ నాకు బాగా గుర్తుంది. సరిగ్గానే కొడుతున్నాను. అయినా తప్పు అంటోంది.

మీ మాట నమ్ముతాను. పాస్‌వర్డ్ పెట్టిన రోజు మీరు కొట్టిన మీటలు సరైనవే. తెర వెనక పడ్డ అక్షరాలు వేరై ఉండవచ్చు. క్యాప్స్ లాక్ సంగతి అందరూ చూస్తారు. నమ్ లాక్ సంగతి ఎవరూ చూడరు. పక్కన అంకెల మీటలున్న కీబోర్డుతో పెట్టిన పాస్‌వర్డ్ నమ్ లాక్ ఆఫ్‌లో ఉంటే అంకెలే పడవు.

మన ఊళ్లో ఇంకో సంగతి ఉంది, తెలుగు కీబోర్డు. విండోస్‌లో ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు మీటల అమరిక పెట్టుకున్నవాళ్లకు, విండోస్ మీటా స్పేస్ బారూ కలిపి పొరపాటున తగిలితే భాష మారిపోతుంది. పాస్‌వర్డ్ గడిలో కనిపించేవి చుక్కలే కాబట్టి తెలియదు. ఇంగ్లీషులో "లయన్" అనే మాటకు నాలుగు మీటలు నొక్కుతారు: ఎల్, ఐ, ఓ, ఎన్. తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో అవే నాలుగు మీటలకు పడేవి త, గ, ద, ల. మీరు సింహం అనుకున్నారు, డిస్కు "తగదల" అని రాసుకుంది. తెలుగు టైపింగ్ చేసే డీటీపీ ఆపరేటర్ ఒకాయన మూసుకుపోయిన బ్యాకప్ డ్రైవ్ తెస్తే, భాష తెలుగుకు మార్చి ఆయన చేతే అదే పాస్‌వర్డ్ కొట్టించాను. తెరుచుకుంది. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "తగదల" అని కాగితం మీద రాసుకున్నారు.

అందుకే ప్రయత్నాలు లెక్కలేకుండా చేయకండి. ఏమేం కొట్టారో కాగితం మీద వరుసగా రాసుకుంటూ, ఒక్కసారికి ఒక్క మార్పే చేస్తూ వెళ్లండి.

బయోస్ బ్యాటరీ తీసి పెడితే హార్డ్ డిస్క్ పాస్‌వర్డ్ పోతుందా?

పోదు. పాత డెస్క్‌టాప్‌లలో బయోస్ పాస్‌వర్డ్ అలా పోయేది, ఆ జ్ఞాపకంతో అందరూ ఇదే చెబుతారు. హార్డ్ డిస్క్ పాస్‌వర్డ్ మదర్‌బోర్డులో ఉండదు, డిస్కులోనే ఉంటుంది.

అదే డిస్కును వేరే ల్యాప్‌టాప్‌లో పెట్టి అదే పాస్‌వర్డ్ కొట్టినా తెరుచుకోవడం లేదు. ఎందుకు?

కొన్ని కంపెనీల ల్యాప్‌టాప్‌లు మీరు కొట్టిన పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు డిస్కుకు పంపవు. తమ పద్ధతిలో తారుమారు చేసి పంపుతాయి. వేరే కంపెనీ బయోస్ అదే మాటను వేరేలా పంపుతుంది, డిస్కు కాదంటుంది. తాళం పడిన ల్యాప్‌టాప్‌లోనే, లేదా అదే కంపెనీ అదే మోడల్‌లో పెట్టి తెరిచి, బయోస్‌లోనే పాస్‌వర్డ్ తీసేయండి. అందుకే తాళం పడిన డిస్కు ఉంటే పాత ల్యాప్‌టాప్‌ను తూకానికి అమ్మేయకండి.

డిస్కు పూర్తిగా తుడిచేద్దామని సెక్యూర్ ఎరేజ్ మొదలుపెట్టాను. మధ్యలో కరెంటు పోయింది. ఇప్పుడు డిస్కు అసలు పలకడం లేదు.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలిదుమారం లేచిన మర్నాడు ఈ కేసు నా దగ్గరకు వస్తుంది. సెక్యూర్ ఎరేజ్ పద్ధతే అలాంటిది: తుడిచే ముందు డిస్కుకు ఒక పాస్‌వర్డ్ పెట్టాలి, తుడవడం పూర్తయ్యాక డిస్కే దాన్ని తీసేస్తుంది. 1 టీబీ మామూలు హార్డ్ డిస్కుకు ఈ పని రెండు గంటల పైనే పడుతుంది. మధ్యలో కరెంటు పోతే పాస్‌వర్డ్ అలాగే ఉండిపోతుంది.

ఇందులో శుభవార్త ఏమిటంటే ఆ పాస్‌వర్డ్ మీకు తెలుసు, తెలుసన్న సంగతే మీకు తెలియదు. మీరు చూసి చేసిన గైడ్‌లో నమూనాగా ఇచ్చిన మాటే అది. గైడ్ మళ్లీ తెరిచి, పెద్దక్షరాలు చిన్నక్షరాలతో సహా అక్షరం అక్షరం చూసి రాసుకోండి. డిస్కును యూఎస్‌బీ కేబుల్‌తో కాకుండా నేరుగా మదర్‌బోర్డు సాటా కేబుల్‌కు తగిలించి, పెన్‌డ్రైవ్ మీద ఉబుంటు లినక్స్ వేసుకుని దాంతో కంప్యూటర్ బూట్ చేయండి. హెచ్‌డీపార్మ్ అనే సాధనంతో ముందు డిస్కు వివరాలు చూడండి. సెక్యూరిటీ అనే శీర్షిక కింద నాలుగైదు వరుసలుంటాయి. "ఎనేబుల్డ్" అంటే పాస్‌వర్డ్ ఉంది. "లాక్డ్" అంటే ఇప్పుడు మూసి ఉంది. "ఫ్రోజెన్" పక్కన "నాట్" ఉందో లేదో చూడండి, ఉంటేనే మన మాట వింటుంది. అప్పుడు సెక్యూరిటీ అన్‌లాక్, దాని వెంటనే సెక్యూరిటీ డిసేబుల్ ఆదేశాలు అదే పాస్‌వర్డ్‌తో ఇవ్వాలి. అన్‌లాక్ ఒక్కటే చేసి వదిలేస్తే కంప్యూటర్ ఆపి ఆన్ చేయగానే తాళం మళ్లీ పడుతుంది.

ఆదేశంలో ఏ డిస్కు పేరు రాస్తున్నారో రెండుసార్లు చూసుకోండి. నేను ఒకసారి చూసుకోలేదు. ఆ సాయంత్రం నా సొంత డిస్కు తుడిచిపెట్టుకుపోయింది.

కొందరు పాస్‌వర్డ్ స్థానంలో "నల్" అని రాస్తారు. హెచ్‌డీపార్మ్ దాన్ని ఖాళీ పాస్‌వర్డ్ అని అర్థం చేసుకుంటుంది. తెరిచేటప్పుడు కూడా అలాగే, పెద్దక్షరాల్లో రాయాలి.

"ఫ్రోజెన్" అని చూపిస్తోంది. డిస్కు చెడిపోయిందా?

చెడిపోలేదు. వైరస్‌లు పాస్‌వర్డ్ పెట్టకుండా బయోస్ ప్రతిసారీ బూట్ అయ్యేటప్పుడు డిస్కును అలా గడ్డకట్టిస్తుంది. కంప్యూటర్‌ను స్లీప్‌లో పెట్టి లేపితే చాలాసార్లు వదిలేస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టమని సలహా ఇచ్చేవాళ్ల మాట వినకండి. ఒకాయన నిజంగానే పెట్టి తెచ్చారు, డిస్కు మీద ఇంకా తడి ఉంది.

ఎన్నిసార్లు తప్పు కొడితే డిస్కు శాశ్వతంగా మూసుకుపోతుంది?

ఏటీఏ తాళానికి 5 తప్పులు. ఆ తర్వాత డిస్కు మాట్లాడదు, కానీ కరెంటు తీసి మళ్లీ ఇస్తే ఇంకో 5 ప్రయత్నాలు ఇస్తుంది. బయట కొనే మై పాస్‌పోర్ట్ లాంటి కొన్ని యూఎస్‌బీ డ్రైవ్‌లూ 5 తప్పుల తర్వాత తీసి పెట్టమంటాయి, అదే సమయంలో "తుడిచేయాలా?" అని కూడా అడుగుతాయి, దానికి అవును అనకండి. ఐరన్‌కీ అనే బ్రాండు భద్రతా డ్రైవ్‌లు కొన్ని 10 తప్పులకు తమను తామే చెరిపేసుకుంటాయి. 7,002 బిట్‌కాయిన్ల తాళంచెవి అలాంటి డ్రైవ్‌లో ఉండిపోయి, 8 ప్రయత్నాలు అయిపోయిన ఒక ప్రోగ్రామర్ కథ 2021లో ప్రపంచమంతా చదివింది. మీది ఏ రకం డ్రైవో తెలిసేదాకా మూడో ప్రయత్నం దగ్గరే ఆగండి.

మాస్టర్ పాస్‌వర్డ్ అని ఒకటి ఉంటుందట కదా?

ఉంటుంది. ఏటీఏ తాళానికి యూజర్ పాస్‌వర్డ్, మాస్టర్ పాస్‌వర్డ్ అని రెండు. తాళం "హై" స్థాయిలో ఉంటే మాస్టర్‌తోనూ తెరవవచ్చు. "మ్యాగ్జిమమ్" స్థాయిలో ఉంటే మాస్టర్‌తో తుడవడం తప్ప ఏమీ చేయలేరు. హెచ్‌డీపార్మ్ చూపించే మాస్టర్ కోడ్ 65534 అయితే ఫ్యాక్టరీలో పెట్టింది మారలేదని అర్థం. డేటా కావలసినవాళ్లు స్థాయి ఏమిటో చూడకుండా మాస్టర్ పాస్‌వర్డ్ జోలికి వెళ్లవద్దు.

అదే మోడల్ డిస్కు బోర్డు తెచ్చి మార్చితే?

పాస్‌వర్డ్ ఆకుపచ్చ బోర్డు మీద ఉండదు. లోపల తిరిగే పళ్లెం మీద, మనకు కనిపించని సర్వీస్ ఏరియాలో ఉంటుంది. బోర్డు మార్చితే తాళం పోదు. ఆ డిస్కుకు మాత్రమే సరిపోయే సర్దుబాట్లు పాత బోర్డు మీద ఉండిపోవడంతో డిస్కు అసలు తిరగకపోవచ్చు కూడా. ఎన్‌క్రిప్షన్ లేని పాత హార్డ్ డిస్కులకు డేటా రికవరీ ల్యాబ్‌లలో పీసీ-3000 లాంటి పరికరాలతో ఆ సర్వీస్ ఏరియాను చదివి తాళం తీయగలరు. డిస్కే తనను తాను ఎన్‌క్రిప్ట్ చేసుకునే రకమైతే ఆ దారీ లేదు.

యూఎస్‌బీ డ్రైవ్ పెట్టె పగలగొట్టి లోపలి డిస్కు నేరుగా తగిలిస్తే తెరుచుకుంటుందా?

చాలా మోడళ్లలో తెరుచుకోదు. పెట్టెలోని చిన్న బోర్డే ప్రతి అక్షరాన్నీ ఎన్‌క్రిప్ట్ చేసి డిస్కు మీద రాస్తుంది, మీరు పాస్‌వర్డ్ పెట్టకపోయినా సరే. బోర్డు పారేస్తే తాళంచెవి పారేసినట్టే. ఇలాంటి డ్రైవ్‌లలో లోపాలున్నాయని 2015లోనూ, కొన్ని ఎస్‌ఎస్‌డీల ఎన్‌క్రిప్షన్ బలహీనమని 2018లోనూ పరిశోధకులు చూపించిన మాట నిజమే. అవి ఆయా మోడళ్లకే పరిమితం. ఆ వార్తలు చూపించి "ఏ డ్రైవ్ అయినా తీస్తాం" అనేవాళ్లను నమ్మవద్దు.

వెరాక్రిప్ట్ డ్రైవ్‌ను విండోస్ అడిగిందని ఫార్మాట్ చేశాను. అంతా పోయినట్టేనా?

వెంటనే ఆపి ఉంటే ఆశ ఉంది. వెరాక్రిప్ట్ తాళం వివరాల నకలు ఒకటి డ్రైవ్ చివర కూడా దాచిపెడుతుంది. వెరాక్రిప్ట్‌లో డ్రైవ్‌ను తెరిచేటప్పుడు (మౌంట్ అంటారు) ఆప్షన్లలో ఆ నకలును, అంటే బ్యాకప్ హెడర్‌ను, వాడమని ఎంచుకుని మీ పాస్‌వర్డ్ ఇవ్వండి. తాళం తెరుచుకున్నాక లోపలి ఫైళ్లను రికవరీ సాఫ్ట్‌వేర్‌తో వెతకవచ్చు. ఆ డ్రైవ్ మీద కొత్తగా ఒక్క ఫైలు కూడా రాయకండి.

పాస్‌వర్డ్‌లు ఊహించే సాఫ్ట్‌వేర్ ఉంటుంది కదా, దాంతో తీయలేరా?

ఉంది. హ్యాష్‌క్యాట్ లాంటివి బిట్‌లాకర్, లక్స్, వెరాక్రిప్ట్ మూడింటి మీదా పనిచేస్తాయి. అయితే బిట్‌లాకర్ ఒక్క పాస్‌వర్డ్‌ను సరిచూడటానికే 10 లక్షలకు పైగా సార్లు లెక్క వేయిస్తుంది, కావాలనే. సెకనుకు వెయ్యి పాస్‌వర్డ్‌లు చూసే యంత్రం ఉందనుకుందాం. పాస్‌వర్డ్ 8 అంకెలే అయితే 10 కోట్ల అవకాశాలు, 28 గంటల్లో అయిపోతాయి. 8 చిన్న ఇంగ్లీషు అక్షరాలైతే ఆరున్నర ఏళ్లు. పెద్దక్షరాలూ అంకెలూ కలిపి 12 అయితే మీ మనవలు కూడా చూడరు.

కాబట్టి యంత్రం కన్నా మీ జ్ఞాపకం ముఖ్యం. "పాప పేరు, తర్వాత పుట్టిన సంవత్సరం, మధ్యలో ఏదో గుర్తు పెట్టాను" అని మీరు చెప్పగలిగితే అవకాశాలు కొన్ని వేలకు దిగుతాయి. నిమిషాల్లో పని.

నాకు డేటా అక్కర్లేదు, డిస్కు పనికొస్తే చాలు.

అదృష్టవంతులు. తనను తాను ఎన్‌క్రిప్ట్ చేసుకునే ఓపల్ రకం ఎస్‌ఎస్‌డీ అయితే దాని లేబుల్ మీద పీఎస్‌ఐడీ అని 32 అక్షరాలు ముద్రించి ఉంటాయి. కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఆ అక్షరాలు ఇస్తే డేటా మొత్తం చెరిగి, తాళమూ పోయి, కొత్తదానిలా తిరిగి వస్తుంది. లేబుల్ పీకి పారేయకండి. బిట్‌లాకర్ ఉన్న డిస్కును మామూలుగా ఫార్మాట్ చేసుకోవచ్చు.

షాపులో ఇచ్చేటప్పుడు ఏం అడగాలి?

డేటా రాకపోతే ఎంత తీసుకుంటారో ముందే రాయించుకోండి. డిస్కు మీద ఉన్న సీరియల్ నంబరు రసీదులో రాయించి, ఫోటో తీసుకోండి. బిట్‌లాకర్ కీ లేకుండానే తీసేస్తామని హామీ ఇచ్చేవారి దగ్గర నుంచి మర్యాదగా లేచి రండి. ఫోన్‌లో దూరం నుంచి తీస్తామని ఎనీడెస్క్ (వేరేవాళ్లు మన కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే యాప్) వేసుకోమన్నవాళ్లకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. డబ్బు ఇప్పటికే పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మా నాన్నగారు కాలం చేశారు. ఆయన ల్యాప్‌టాప్ తెరవాలి, దారి ఉందా?

తొందరపడి ఆయన ఫోను నంబరు వదిలేయకండి. ఆయన మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లాలంటే ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. 90 రోజులు వాడకం లేకపోతే ఆ నంబరు రద్దయ్యే అవకాశం ఉంది, కనీసం రీచార్జి అయినా చేయించి ఉంచండి. ఆ తర్వాత కంప్యూటర్ పక్కనే కాకుండా ఆయన అలవాట్లలో వెతకండి. ఎల్‌ఐసీ బాండ్లు పెట్టే ఫైలు, డైరీ చివరి పేజీ, గ్యాస్ బుక్కు, పూజ గదిలో పంచాంగం. ఆ తరం వాళ్లు ముఖ్యమైనది కంప్యూటర్‌లో దాచరు. పదవీ విరమణ చేసిన ఒక రైల్వే ఉద్యోగి కొడుకు నెల రోజులు తిరిగాక, 48 అంకెలూ పెన్షన్ పుస్తకం వెనక అట్ట మీద, ఆరేసి అంకెలకు ఒక గీత చొప్పున గీసి, చక్కటి రాతలో దొరికాయి.

సెకండ్ హ్యాండ్‌లో డిస్కు కొన్నాను. తాళం ఉంది. తీసిపెడతారా?

డేటాతో సహా తీయను. అందులో ఉన్నది వేరేవాళ్లది. అనుమతి లేకుండా చేస్తే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. తుడిచి ఇవ్వమంటే సరే, కొన్న బిల్లు చూపించండి. ఈసారి కొనేటప్పుడు దుకాణంలోనే ల్యాప్‌టాప్‌కు తగిలించండి. తాళం ఉన్న డిస్కు కూడా తన పేరు, సైజు మామూలుగానే చెబుతుంది, చూసి మోసపోతారు. 2 జీబీ సినిమా ఫైలు ఒకటి అందులోకి కాపీ చేసి, కేబుల్ తీసి, మళ్లీ పెట్టి ఆ ఫైలు తెరిచి చూశాకే డబ్బు ఇవ్వండి.